ఆ పెయ్యి ఎవరిది

లింగన్న కాళ్లకు చెప్పులు ఉండగానే చచ్చిపోయాడు. శివకుమారిని భయపెట్టిన మొదటి సంగతి అదే.

ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. లైట్లు బిగించే ఇనుప పరంజా కింద, స్టూడియో నేల మీద, ఒక పక్కకు తిరిగి పడి ఉన్న మనిషి. రెండు కాళ్లకూ నీలం పట్టీల హవాయి చెప్పులు. ఒక్కటైనా ఊడలేదు. బుధవారం సాయంత్రం అయిదూ ఇరవైకి, లైటు సర్దబోయి ఇరవై అడుగుల ఎత్తు నుంచి కాలుజారి పడ్డాడని స్టూడియో వాళ్లు రాసిచ్చిన కాగితం చెబుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకు ఆమె అదే పరంజా కింద నిలబడి, ఫొటోనూ పరంజానూ మార్చి మార్చి చూసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. హైదరాబాదు ఫోరెన్సిక్ లాబొరేటరీలో ఇరవై రెండేళ్లు నేరస్థుల గొంతులు, పోలీసుల టేపులు పరీక్షించి, ఉద్యోగం వదులుకుని దోహాలో చెల్లెలి ఇంటికి చేరింది. ఇన్సూరెన్స్ కంపెనీలు అప్పుడప్పుడు పిలుస్తాయి, జరిగింది ప్రమాదమో కాదో తేల్చి చెప్పమని. నిన్న సాయంత్రం అలాంటి పిలుపే ఫ్యాక్సులో వచ్చింది. సంతకం ఒక గీత. కాగితం పై అంచున, పంపిన యంత్రం తాలూకు నంబరు సన్నటి అంకెలలో ఉంది. సంచిలో ఆ కాగితం ఉంది. ఎందుకో దాన్ని ఆమె ఉదయం నుంచి నాలుగుసార్లు తీసి చూసుకుంది.

దోహా శివారు మెసైమీర్‌లో ఒక పెద్ద ఇంటి కాంపౌండు వెనక భాగంలో కట్టిన ఈ స్టూడియోలో, మూడు నెలలుగా ఒకే పని నడుస్తోంది. కసాంబా అనే చిన్న ఆఫ్రికా దేశపు అధ్యక్షుడి మీద యాభై నిమిషాల డాక్యుమెంటరీ. ఆయన మార్చిలో పక్షవాతానికి వైద్యం కోసం దోహా వచ్చి, అద్దె విల్లాలో దిగి, మళ్లీ స్వదేశం మొహం చూడలేదు. అక్కడ పదిహేను రోజులలో ఎన్నికలు. ఆయన బతికి లేడని ఊరూరా పుకారు. ఆ పుకారుకు జవాబుగా ఈ ఫిల్ము ఇవాళ ఎనిమిది గంటలకు ఉపగ్రహం ద్వారా ఆ దేశపు టీవీలో వస్తుంది. అందులో అధ్యక్షుడు అల్ షహానియా ఒంటెల ఫారంలో నడుస్తాడు. నవ్వుతాడు. రెండు చేతులా గడ్డిమోపు ఎత్తి ఒంటె ముందు వేస్తాడు. నాయకుడి ఆరోగ్యాన్ని డాక్టరు గాక కెమెరామన్ ధ్రువీకరించే కాలం వచ్చిందని, పేపర్లో ఆ వార్త చదివిన రోజునే శివకుమారి పళ్లు కొరుక్కుంది. ఆ దృశ్యంలో చుట్టూ నిలబడ్డ కూలీలలో లింగన్న ఒకడు.

"ఏంది మేడమ్, అంతసేపు చూస్తున్నరు? పరంజా ఏమన్న బయానిచ్చిందా?"

ఆమె వెనక్కి తిరగలేదు. ఆ గొంతును గుర్తుపట్టడానికి ఆమెకు మొహం అవసరం లేదు. పదమూడేళ్ల తర్వాత కూడా, మాట చివర చిన్నగా గీరుకునే ఆ గొంతు నిజాముద్దీన్‌ది. ఒకప్పుడు హైదరాబాదు పోలీసుల్లో సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు అధ్యక్షుడి ప్రచార బృందానికి సెక్యూరిటీ ఇన్‌చార్జి. చూపు గొట్టాల మీదే ఉంచి జవాబు చెప్పింది.

"ఇచ్చింది నిజాముద్దీన్ గారూ. మీ కాగితం కంటే శుభ్రంగా సాక్ష్యమిచ్చింది."

"చెప్పుండ్రి మరి. ఇందాం."

"లింగన్న ఇక్కడికి రాకముందు ఆరేళ్లు కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పరంజాలు కట్టాడు. అలాంటి మనిషి గొట్టం మీద అడుగు పెట్టాలంటే బూట్లయినా వేసుకుంటాడు, ఉత్త కాళ్లతోనైనా ఎక్కుతాడు. హవాయి చెప్పులతో ఎక్కడు. ఎక్కినా, అంత ఎత్తు నుంచి పడ్డవాడి కాళ్లకు అవి ఉండవు."

"గబరాయించి మరిచిపోయిండేమో."

"సరే. పైన మూడు గొట్టాల మీద దుమ్ము చూడండి. ఎక్కడా చెయ్యి పడిన గుర్తు లేదు."

"ఇది ఖతార్ మేడమ్. దుమ్ము పొద్దున తుడిస్తె మాపటికి మళ్ల పడుతది."

"కిటికీ లేని ఏసీ గదిలోనా? రెండు రోజులలో వేలిమందం?"

నిజాముద్దీన్ నవ్వాడు. తెల్లటి చొక్కా, నెరిసిన గడ్డం, చేతిలో తస్బీ జపమాల. చూసినవాళ్లు మసీదు నుంచి వస్తున్న పెద్దమనిషి అనుకోవాలి. ఇవాళ నిజంగానే జుమ్మా నమాజు నుంచి వచ్చి ఉండవచ్చు.

"మీరింక గా ఫ్యాను కాడనే ఉన్నరు మేడమ్."

ఎనభై మూడులో అతను కోర్టులో ఒక నేరాంగీకారం టేపు పెట్టాడు. ముద్దాయి గొంతు నిజమే, మాటలూ నిజమే. కాని ఆ గొంతు వెనక తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను చప్పుడు రెండు మాటల మధ్య తెగింది. 'నేను' అన్న మాట ఒక ఫ్యాను కింద, 'చంపాను' అన్న మాట మరో ఫ్యాను కింద పలికినవని శివకుమారి జడ్జికి వినిపించింది. ఆ ఏడే అతని యూనిఫాం పోయింది.

"ఆ ఒక్క ముచ్చట మీరు చెప్పకపోతే నేను ఇయ్యాల డీఎస్పీని."

"చెప్పకపోతే ఇవాళ ఒక మనిషి మట్టిలో ఉండేవాడు. బుధవారం నాలుగు గంటలకు లింగన్నను ఎందుకు పిలిపించారు?"

"ఫిల్ముల ఒక మాట సాఫ్‌గ లేదు. మళ్ల చెప్పించి రికార్డు చేద్దామని."

"ఏ మాట?"

"ఏదో దూడ ముచ్చట. కూలోళ్ల మాటలు, మనకెందుకు?" అతను తస్బీ పూసను ఒకటి జరిపాడు. "టేపు ఇంటరా? ఇనుండ్రి. అమర్నాథ్ ఎడిటింగ్ రూముల ఉంటడు. ఎవ్వరూ అడ్డం రారు. మీ చెవి మీద నాకు శానా ఇజ్జత్ ఉన్నది మేడమ్."

ఇంత సులువుగా దారి ఇచ్చిన శత్రువు ఆమెకు ఉద్యోగ జీవితం మొత్తంలో తగలలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది. తట్టినా ఆగలేదు. టేపు వినే అవకాశం వదులుకోవడం ఆమెకు చేతకాని పని.

* * *

వంటగదిలో ఖాసింబీ గ్లాసులు కడుగుతోంది. నలభై దాటిన మనిషి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి తొమ్మిదేళ్లుగా స్టూడియో యజమాని ఇంట్లో పని చేస్తోంది. స్టూడియోకు టీలు కూడా ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. శివకుమారి తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. టైము రెండూ నలభై.

"నాకేం తెలీదమ్మా. నేను టీలు పెట్టేదాన్ని."

"నేను ఇంకా ఏమీ అడగలేదు ఖాసింబీ."

"అడగతారుగదా. అందుకని ముందే చెప్తన్నా."

శివకుమారికి నవ్వు రావలసింది, రాలేదు. "ఫిల్ములో కూలీ ఎవరో తెలుగులో మాట్లాడితే దానికి అర్థం చెప్పింది నువ్వేనట."

"ఆ దినం అమర్నాథ్ సారు సెలవు. ఇంక తెలుగు తెలిసిందాన్ని నేనే. డైరెక్టరు దొర పిలిచి ఇనిపించాడు. ఒంటెల కాడ గదమ్మా తీసింది. 'ఈ పెయ్య ఆయనది గాదు' అన్నట్టు ఇనబడింది. ఒంటెపిల్లని అంటన్నారనుకుని, దూడ ఆయనది గాదంట సార్ అని హిందీలో చెప్పా. ఆయన ఎగిరి గంతేశాడు."

"దూడ ఆయనది కాదంటే గంతు వేయడమెందుకు?"

"బొమ్మ కింద ఇంగిలీషులో రాశారంటమ్మా. 'ఈ దూడ అధ్యక్షుడిది కాదు, మనందరిదీ' అని. ఆ వెనక ముక్క దొర సొంతంగా కలిపాడు."

ఒక కూలీ నోటి నుంచి రాని మాటను ఆ నోటికి అంటించి, దానిని ప్రజాప్రేమ అని అమ్ముకుంటున్నారు. శివకుమారి లోపల ఏదో మండింది. కాని ఆ మంట కంటే ముందు చెవి పని చేసింది.

"అతను ఎలా అన్నాడో అలాగే అను. నీ మాటలో వద్దు, అతని మాటలో."

ఖాసింబీ కళ్లు మూసుకుంది. ఆడమనిషి గొంతులోంచి ఎక్కడో గోదావరి ఎగువ పల్లె మగవాడి యాస బయటికి వచ్చింది. "గీ పెయ్యి ఆయినది గాదె అన్నా. నాకెర్కలేదా?"

"పెయ్యా, పెయ్యి అన్నాడా?"

"చివర్న 'యి' అన్నాడమ్మా. వాళ్లు అన్నీ అట్టా తిప్పి పలకతారుగదా అనుకున్నా."

ఖాసింబీ ఇచ్చిన టీ గ్లాసు శివకుమారి పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

నెల్లూరులో పెయ్య అంటే ఆడదూడ. నిజామాబాదు, కరీంనగర్ పల్లెల్లో పెయ్యి అంటే ఒళ్లు. జ్వరమొస్తే పెయ్యి కాలుతుంది, కష్టపడితే పెయ్యి నొప్పులు పుడతాయి. ఆమె పుట్టింది రాజమండ్రిలో. లాబొరేటరీలో ఇరవై రెండేళ్లు తెలంగాణ సాక్షుల గొంతులు విని ఉండకపోతే, ఆమె కూడా దూడనే చూసేది.

"ఒళ్లు, ఖాసింబీ. ఈ ఒళ్లు ఆయనది కాదు అన్నాడు."

"యా అల్లా." ఖాసింబీ చేతిలోంచి గ్లాసు జారి తొట్టిలో పడింది. పగలలేదు. "నేను దూడంటినే..."

"ఒళ్లు తెలిసేది స్నానం పోసినవాడికే. విల్లాలో అధ్యక్షుడికి స్నానం పోసింది లింగన్నేనా?"

ఖాసింబీ తొట్టిలోంచి గ్లాసు తీసింది. "విల్లా గేటు పాసు లింగన్నదమ్మా."

"పాసు సంగతి కాదు."

"జూన్లో లింగన్నకి నడుం పట్టేసింది. పని పోద్దని భయం. ఆయన తమ్ముడి వరస, హన్మాండ్లని ఉన్నాడు. షహానియాలో ఒంటెల కాడ పని. ఆ నెలన్నర లింగన్న పాసు మెడలో ఏసుకుని విల్లాకి హన్మాండ్లే వచ్చాడు. గేటు కాడ వాళ్లకి మన మొహాలన్నీ ఒకటేగదమ్మా. నల్లగా ఉండి మీసముంటే లింగన్నే. నేను వంటకి పోయేదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఇంకెవురికీ తెలీదు."

"అప్పుడు అధ్యక్షుడు ఎలా ఉన్నాడు?"

"ఎడమ పక్కంతా పడిపోయింది. చెయ్యి పళ్లెం కాడికి రాదు. పసిబిడ్డని కడిగినట్టు కడిగేవాడు హన్మాండ్లు. ఆగస్టులో ఒక్కసారిగా మమ్మల్నందర్నీ పంపించేశారు."

"ఆయన అక్టోబరులో రెండు చేతులా గడ్డిమోపు ఎత్తాడు. ఫిల్ములో."

అధ్యక్షుడి ఒళ్లు తెలిసిన పనివాడు ఒక్కడేనని వాళ్ల కాగితాలు చెప్పాయి. ఆ కాగితాల్లోని పేరు లింగన్న. నకిలీ అధ్యక్షుణ్ణి తయారు చేసినవాళ్లకు నకిలీ లింగన్న ఒకడు తమ గేటులోంచే వచ్చి వెళ్లాడని తెలియలేదు. తెలియనంత కాలమే వాడు బతికి ఉంటాడు. వాడు బతికి ఉంటేనే పోలీసులు వింటారు. చచ్చిన సాక్షి మాట, ఒక ముసలామె చెవి, వీటితో ఒక దేశాధ్యక్షుడు లేడని రుజువు కాదు.

"హన్మాండ్లు ఇప్పుడెక్కడ ఉన్నాడు?"

ఖాసింబీ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచింది. "షహానియాలోనేనమ్మా. ఒంటెల కాడ. ఇంకేడికి పోతాడు?" తర్వాత కొంగుతో మొహం అద్దుకుని, "ఎవురికీ చెప్పబాకండమ్మా. ముగ్గురు బిడ్డలున్నారు ఆయనకి. నన్ను అక్కా అంటాడు," అంది.

"చెప్పను."

తుడిచిన గ్లాసును మళ్లీ తుడిచిన ఆ చేతులను శివకుమారి చూసింది. భయం అనుకుంది.

* * *

మూడూ ఇరవైకి ఆమె ఎడిటింగ్ గదిలోకి వెళ్లింది. కిటికీ లేని గది, గోడల నిండా నల్లటి స్పాంజి. ఒక మూల వ్యాఖ్యానం చదివేవాళ్ల కోసం పై నుంచి వేలాడే మైకు. రెండు టీవీ తెరలు, వాటి కింద యంత్రాలు, కుడి పక్కన సౌండు కొలిచే డబ్బాలో ఒక సూది. అమర్నాథ్ తెనాలి మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో మరిచిపోయినట్టు మళ్లీ కూర్చున్నాడు.

"రండి మేడమ్. టీ చెప్పమంటారా?"

"వచ్చేటప్పుడే చెప్పాను, ఖాసింబీ తెస్తుంది. ఆ దూడ మాట వేయండి."

"ఫిల్ములో లేదండి ఇప్పుడు. మంగళవారం తీసేయమన్నారు."

"ఎవరు?"

"నిజాముద్దీన్ గారు. ఫిల్ము చివరిసారి చూస్తూ ఆ మాట దగ్గర ఆపించారు. మూడుసార్లు విన్నారు. తీసేసి, షూటింగ్ టేపు మాత్రం జాగ్రత్తగా పెట్టమన్నారు."

మంగళవారం తీసేసిన మాటను బుధవారం మళ్లీ చెప్పించడానికి మనిషిని పిలిపించారు. శివకుమారి ఆ రెండు రోజులనూ మనసులో పక్కపక్కన పెట్టుకుంది. హైదరాబాదువాడికి పెయ్యి అంటే ఏమిటో ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. లింగన్నను ఆ మాట మళ్లీ చెప్పించడానికి కాదు, ఇంకెప్పుడూ చెప్పకుండా చేయడానికి పిలిపించారు.

టేపు తిరిగింది. ఎండ. ఒంటెలు. కోటు విప్పి చొక్కా చేతులు పైకి మడిచిన అధ్యక్షుడు, బలమైన భుజాలతో. ముందు వరుసలో లింగన్న, నోట్లో ఏదో నములుతూ. అతని పక్కన ఒంటె, ఒంటె అవతల తాడు పట్టుకున్న ఒక చెయ్యి. గొంతు వినిపించింది. "గీ పెయ్యి ఆయినది గాదె అన్నా. నాకెర్కలేదా?" సరిగ్గా అప్పుడే లింగన్న దవడ కదిలింది. ఎవరు చూసినా అతనే మాట్లాడాడంటారు.

"ఒక్కొక్క బొమ్మగా జరపండి. 'పె' దగ్గర ఆపండి."

అమర్నాథ్ చక్రం తిప్పాడు. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు. ఒక్కొక్కటీ జరిగి ఆగింది.

"ఇదేనండి. ఇక్కడ మొదలవుతోంది."

"ముందు మూడు బొమ్మలు, వెనక మూడు బొమ్మలు చూపించండి."

ఏడు బొమ్మలలోనూ లింగన్న నోరు తెరిచే ఉంది. పైపళ్లు కనిపిస్తున్నాయి. పళ్ల మధ్య తమలపాకు ముక్క కూడా కనిపిస్తోంది.

"పెదవులు కలవకుండా 'ప' అనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు అమర్నాథ్ గారూ. మీరు ప్రయత్నించండి."

అతను ప్రయత్నించాడు. "హెయ్యి" అని వచ్చింది.

"లింగన్న తమలపాకు నమిలాడు, అంతే. మాట్లాడింది ఒంటె అవతలి మనిషి. మీ వాళ్లు ఒకడి మాటకు ఇంకొకణ్ణి చంపారు."

గదిలో ఏసీ సన్నగా మోగుతోంది. లింగన్న కూడా చివరి నిమిషాన ఆ మాటే చెప్పి ఉంటాడు, నేను కాదని. ఎవరిదో చెప్పి ఉండడు. చెప్పి ఉంటే ఆ రెండోవాడూ ఈపాటికి పరంజా కిందే దొరికేవాడు.

"మాట్లాడింది ఎవరు మేడమ్?" అమర్నాథ్ అడిగాడు.

"మీకు కారు ఉందా?"

"ఉందండి."

"నాకు మీ సాయం కావాలి. హన్మాండ్లు అని ఒక మనిషి. లింగన్న పాసు మీద విల్లాకు వెళ్లి ఆ రోగికి స్నానం పోసిందీ, ఈ మాట అన్నదీ అతనే. అతన్ని మరో గంటలో పోలీసు స్టేషనులో కూర్చోబెట్టాలి."

"ఎక్కడున్నాడు మేడమ్?"

ప్రశ్న త్వరగా వచ్చింది. అది అడుగుతున్నప్పుడు అమర్నాథ్ ఆమె వైపు చూడలేదు. కుడి పక్కకు చూశాడు. ఆమె కూడా అటు చూసింది.

తెర మీద బొమ్మ ఆగి ఉంది. టేపు ఆగి ఉంది. ఆగిన టేపుకు చప్పుడు ఉండదు. సౌండు కొలిచే సూది ఎడమ అంచున పడుకుని ఉండాలి. పడుకుని లేదు. సన్నగా వణుకుతోంది.

శివకుమారి చిన్నగా దగ్గింది. సూది ఎగిరి పడింది.

ఇరవై రెండేళ్లు ఆమె ఎవరెవరి మాటలకో కదిలిన సూదులను చూసింది. తన మాటకు కదిలే సూదిని చూడడం ఇదే మొదలు. పైన వేలాడుతున్న మైకు తెరిచి ఉంది. ఎవరో వింటున్నారు. మూడు నిమిషాలుగా, ఆరు నిమిషాలుగా, మొదటి నుంచీ.

బల్ల మీద ఫ్యాక్సు యంత్రం ఉంది. దాని నెత్తి మీద అంటించిన చీటీలో నంబరు. సంచిలోంచి కాగితం తీయనక్కరలేదు, నాలుగుసార్లు చూసిన నంబరు. ఏ ఇన్సూరెన్స్ కంపెనీ ఆమెను పిలవలేదు. తాను తప్పు మనిషిని చంపానేమోనని అనుమానం వచ్చిన హంతకుడు, దానిని తేల్చగల చెవి దోహాలో ఒక్కటే ఉందని గుర్తు చేసుకుని, ఆ చెవిని పిలిపించుకున్నాడు. ఆమె వచ్చి, గొట్టాల దుమ్ము చూసి, పెదవులు లెక్కపెట్టి, అతని అనుమానం తీర్చి, పేరు కూడా చెప్పింది.

పేరు పోయింది. ఊరు ఇంకా పోలేదు.

"మేడమ్, ఎక్కడున్నాడు?" అమర్నాథ్ మళ్లీ అడిగాడు. అతని పై పెదవి మీద చెమట. కళ్లు మాత్రం చెప్పవద్దని ఆమెను బతిమాలుతున్నాయి.

శివకుమారి దారులు లెక్కవేసింది. షహానియా పడమర. అరగంట ప్రయాణం. దేశపు ఉత్తరపు కొస, గంటకు పైగా ప్రయాణం. వెళ్లినవాడు వెతికి, లేడని తెలుసుకుని తిరిగి వచ్చేసరికి మూడు గంటలు. ఆ మూడు గంటలు చాలు.

ఆమె మొహం మైకు వైపు ఎత్తి, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు, ఒక్కొక్క అక్షరమూ విడిగా పలికింది. "మదీనత్ అల్ షమాల్‌లో. రేవు దగ్గర, చేపల పడవల వాళ్ల గదులలో దాక్కున్నాడు."

సూది ఎగిరి, మళ్లీ సన్నగా వణకసాగింది.

గోడలోని స్పీకరు గరగరమంది. "షుక్రియా మేడమ్," అంది నిజాముద్దీన్ గొంతు, మర్యాదగా. "ఈసారి ఫ్యాను బందు చేసుకునే ఇన్న."

టక్‌మని చప్పుడు. సూది ఎడమ అంచున పడుకుంది. ఆ తర్వాత బయట కాంపౌండులో ఒక కారు తలుపు, వెంటనే మరో తలుపు పడ్డాయి. టైర్లు కంకర మీద తిరిగాయి. మూడూ యాభై రెండు.

అమర్నాథ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నా పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది మేడమ్. నా భార్య కాన్పుకు నేను ఊరికి వెళ్లాలి. ఏం అడగాలో కాగితం మీద రాసిచ్చాడు. నేనేం చెయ్యను?"

"తర్వాత ఏడుద్దురుగాని. కారు తాళాలు తీయండి. షహానియా వెళ్లాలి."

"షమాల్ అన్నారు కదండీ?"

"వినేవాళ్ల కోసం అన్నాను."

ఆమెలో ఎక్కడో ఒక చిన్న తృప్తి కదిలింది. టేపు మీద ఎవరి అబద్ధాన్నీ ఏనాడూ క్షమించని మనిషి, మొదటిసారి తానే ఒక అబద్ధం మైకులో పెట్టింది. అది అతుకు కనిపించకుండా కుదిరింది. అబద్ధాలతో అధ్యక్షుణ్ణి నిలబెట్టినవాళ్లను ఒక్క అబద్ధంతో వంద కిలోమీటర్లు దారి తప్పించింది.

తలుపు దగ్గర గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపించింది. ఖాసింబీ టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. పళ్లెంలో టీ అంతా ఒలికిపోయింది. గ్లాసులు మాత్రం ఆగకుండా చప్పుడు చేస్తున్నాయి.

"అమ్మా," అంది. "ఆయన షమాల్లో ఉన్నాడని మీకెవురు చెప్పారమ్మా? నిన్న పొద్దున్నే నేనే పంపిస్తి, మావాళ్ల పడవల కాడికి. మీకు గూడా నేను అబద్ధమే చెప్తినే!"